గాలి, ఎండ కరెంటుకు ఏ ఊతం మేలు: నిర్ణీత ధరా, వేలమా, సర్టిఫికెట్లా?

2016-17లో దేశంలో కొత్తగా దాదాపు 5,500 మెగావాట్ల గాలిమరలు లేచాయి. అందులో రెండు వేల మెగావాట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే, అదీ ఎక్కువగా రాయలసీమ గుట్టల మీద. మరుసటి ఏడాది దేశం మొత్తం కలిపినా రెండు వేల మెగావాట్లు దాటలేదు. గాలి వీచడం మానలేదు, మరలు తయారు చేసేవాళ్లు అక్కడే ఉన్నారు. మారిందల్లా ప్రభుత్వం ఆ కరెంటుకు ఊతమిచ్చే తీరు. అంతకుముందు విద్యుత్ నియంత్రణ మండలి ధర కట్టేది. ఆ తర్వాత, అందరికన్నా తక్కువ ధరకు ఇస్తానన్నవాళ్లే గెలిచే వేలంపాట వచ్చింది.

కాబట్టి ఏ పద్ధతి మేలన్నది ఆర్థికశాస్త్రం పరీక్షలో అడిగే ప్రశ్న మాత్రమే కాదు. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. పెద్ద ప్లాంట్లకు వేలమే మేలు, కానీ ఇప్పుడు మనం నడుపుతున్న తీరులో కాదు. ఇంటి కప్పు మీది సోలార్‌కు నిర్ణీత సాయమే సరైనది. పచ్చ కరెంటు పండించినందుకు ఇచ్చి, విడిగా అమ్ముకోనిచ్చే సర్టిఫికెట్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

మండలి కట్టిన ధర

ఇది అందరికీ తేలిగ్గా అర్థమయ్యే పద్ధతి. మెగావాటుకు ఎంత పెట్టుబడి, అప్పు మీద వడ్డీ ఎంత, సొంత డబ్బు మీద ఎంత రాబడి ఇవ్వాలి, ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయి, ఇవన్నీ లెక్కేసి మండలి యూనిట్‌కు ఒక ధర కడుతుంది. కరెంటు పంపిణీ చేసే డిస్కం 25 ఏళ్ల పాటు ఆ ధరకు కొంటానని పీపీఏ, అంటే కొనుగోలు ఒప్పందం మీద సంతకం చేస్తుంది. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. పది మెగావాట్లు పెట్టుకునే చిన్న కంపెనీ కూడా బతకగలదు. జర్మనీ 2000లో తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం 20 ఏళ్లకు ఇలాంటి హామీయే ఇచ్చింది. ఇవాళ ప్యానెళ్లు ఇంత చవగ్గా దొరుకుతున్నాయంటే తొలినాళ్లలో జర్మన్ వినియోగదారులు బిల్లుల్లో కట్టిన అదనపు రుసుము కూడా ఒక కారణం. ఆ రుసుమును అక్కడ 2022 జూలైలో సున్నా చేసి, భారాన్ని ప్రభుత్వ బడ్జెట్ మీదికి మార్చారు.

చిక్కేమిటంటే, మండలి కట్టేది అంచనా ధర. ప్యానెళ్ల ధర ఏటా పడిపోతుంటే ఆ అంచనా ఉత్తర్వు అచ్చయ్యేలోపే పాతబడుతుంది. 2010-11లో కేంద్ర మండలి సోలార్‌కు యూనిట్ రూ.17.91 కట్టింది. ఆ డిసెంబరులోనే జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో అతి తక్కువ ధర రూ.10.95 పలికింది. ఇంకో ఏడాదికి రూ.7.49. వేలం లేకపోతే ఆ తేడా మొత్తం ఎవరి జేబులోకి పోయేదో చెప్పనక్కర్లేదు.

స్పెయిన్ ఈ తప్పును భారీ ఎత్తున చేసింది. 2007లో ఉదారంగా ధర ప్రకటించి, పెట్టుకున్న లక్ష్యం దాదాపు 400 మెగావాట్లు. 2008 ఒక్క ఏడాదిలోనే 2,500 మెగావాట్లకు పైగా సోలార్ వచ్చి పడింది. ఎంత సామర్థ్యానికి ఆ ధర ఇస్తామో గట్టి పరిమితి లేకపోవడమే అసలు లోపం. బిల్లు మోయలేక కొన్నేళ్లకు కొత్త ప్లాంట్లకు సాయం ఆపేశారు, 2013లో పాత ప్లాంట్ల రాబడికీ కోత పెట్టారు. మదుపుదారులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లారు. ఆ కేసుల తలనొప్పి స్పెయిన్‌కు ఏళ్ల తరబడి వదల్లేదు.

మనకు ఇంత దూరం వెళ్లాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గాలి కరెంటు పీపీఏలు యూనిట్ రూ.4.84 చుట్టూ ఉండేవి. 2019 జూలైలో కొత్త ప్రభుత్వం ఈ ధరలు తగ్గించాలంటూ ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. తేలేదాకా గాలికి రూ.2.43, సోలార్‌కు రూ.2.44 చొప్పున చెల్లించమని సెప్టెంబరులో మధ్యంతర ఆదేశం వచ్చింది. ఈ అంకెలు వేలంపాటల్లో పలికినవే: రూ.2.43 గుజరాత్ గాలి ధర, రూ.2.44 రాజస్థాన్‌లోని భడ్లా ఎండ ధర, రెండూ 2017వి. అంతకుముందే కట్టిన రాయలసీమ మరకు గుజరాత్ గాలి ధర అన్నమాట. మర ఖర్చు వేరు, కట్టిన ఏడాది వేరు, గాలి వేగం వేరు. రాబడి సగానికి పడిపోయినా బ్యాంకు కిస్తీ మాత్రం సగం కాదు. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, పీపీఏలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పు చెప్పింది.

ప్రభుత్వం వైపు న్యాయం అసలు లేదని అనను. ధరలు పడిపోతున్న రోజుల్లో పాతికేళ్లకు అంత రేటుతో సంతకాలు ఎందుకు చేశారన్నది అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి జవాబు కొత్త ఒప్పందాలను జాగ్రత్తగా రాసుకోవడం. పాతవి చించబోతే ఏమైందో చూశాం. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు రాష్ట్రంలో కొత్త గాలిమర లేవడమే అరుదైపోయింది.

పన్ను రాయితీ, యూనిట్‌కు అర్ధ రూపాయి

ఇక్కడ పెద్దగా ఆగక్కర్లేదు. గాలిమర కొన్న తొలి ఏడాదే దాని విలువలో 80 శాతం తరుగుదల చూపించి పన్ను తగ్గించుకోవచ్చన్నది ఒక పథకం. పండించిన ప్రతి యూనిట్‌కు 50 పైసలు ఇవ్వడం 2009 చివర్లో వచ్చిన మరో పథకం. మొదటిది మర నిలబెట్టినందుకు ఇచ్చే సాయం, రెండోది కరెంటు పండించినందుకు. రెండో దానిదే పైచేయి అని వేరే చెప్పాలా? పన్ను మిగుల్చుకోవడానికి మర పెట్టినవాడికి అది తిరిగిందా లేదా అన్నది అంత పట్టదు. ఈ రెండూ 2012లో ఒకేసారి ఆగిపోతే ఏడాదికి 3,200 మెగావాట్లు వచ్చే చోట 1,700కు పడింది. మళ్లీ ఇచ్చారు. మళ్లీ 2017లో తరుగుదలను 40 శాతానికి కోసి, అర్ధ రూపాయి ఎత్తేశారు. ఇలా ఇచ్చి, తీసి, మళ్లీ ఇవ్వడం కంటే మొదటి నుంచీ తక్కువ ఇచ్చినా నయమే.

వేలం

ధర తేల్చడంలో వేలానికి సాటి లేదు. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కులో యూనిట్ రూ.3.15 పలికితే ఔరా అన్నారు. నెల రోజులకే భడ్లాలో రూ.2.44. 2020 డిసెంబరులో గుజరాత్‌లో రూ.1.99. ఏ మండలీ ఇంత తక్కువ ధర కట్టే సాహసం చేయదు, కట్టినా కంపెనీలు కోర్టుకు పోయేవి.

అయితే ఇలా పలికిన ధరకు ప్లాంటు నిజంగా లేస్తుందా? కర్నూలు కథ చూడండి. 2015 నవంబరులో అక్కడి 500 మెగావాట్లకు సన్‌ఎడిసన్ అనే అమెరికన్ కంపెనీ రూ.4.63కు పాట పాడింది. అప్పటికి దేశంలో అదే రికార్డు. ఆరు నెలలు గడవకముందే, 2016 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ అప్పుల భారంతో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఆ 500 మెగావాట్లను హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో తీసుకుని పూర్తిచేసింది కాబట్టి సరిపోయింది. ప్యానెళ్ల ధర అప్పుడు తగ్గుతోంది గనక తీసుకునేవాడు దొరికాడు. పెరుగుతున్న రోజుల్లో అయితే ఆ పార్కు ఖాళీ నేలగా మిగిలేది.

వేలంలో ఇంకో మెలిక ఉంది, అది తెలుగువాళ్లకు నేరుగా తగిలేది. వేలం గెలిచేది ఎండ, గాలి ఎక్కడ బాగుంటే అక్కడివాళ్లు. దానికి తోడు, 2025 జూన్ 30లోపు పూర్తయిన సోలార్, గాలి ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీ పూర్తిగా మాఫీ. అంటే రాజస్థాన్ ఎడారి నుంచి ఇక్కడిదాకా కరెంటు మోసుకొచ్చే ఖర్చు కొనే డిస్కం లెక్కలో సున్నా. ఆ లైన్ల ఖర్చు ఎటూ పోదు, అందరి బిల్లుల్లోకీ సర్దుకుంటుంది. అలాంటప్పుడు జైసల్మేర్‌కూ రాయలసీమకూ పోటీ పెట్టి, సీమ ఓడిపోయిందనడం ఏం న్యాయం? ఆ మాఫీ ఇప్పుడు ఏటా 25 శాతం చొప్పున తగ్గుతోంది. ఇకమీదట వేలంలో పలికే ధరలు కాస్త నిజం చెబుతాయి.

అన్నిటికన్నా పెద్ద జబ్బు మాత్రం వేరే. వేలం ఒకరు పెడతారు, కొనాల్సింది ఇంకొకరు. కేంద్ర సంస్థ సెకీ పాట ముగించి గెలిచినవాళ్లకు లేఖలిస్తుంది. డిస్కంలు మాత్రం వచ్చే ఏడు ఇంకా తగ్గుతుందేమో చూద్దాం అని సంతకం పెట్టవు. కేంద్ర సంస్థల వేలాల్లో తేలి కూడా కొనుగోలు ఒప్పందం లేక ఆగిన సామర్థ్యం 2025 నాటికి 40 గిగావాట్లకు పైబడింది. డిస్కంలను తిట్టడం తేలికే. కానీ మధ్యాహ్నం వచ్చే కరెంటు వాళ్లకు ఇప్పటికే ఎక్కువైంది, కొరత సాయంత్రం ఏడు గంటలకు. రోజువారీగా కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం ధర ఒక్కోరోజు సున్నా దాకా జారుతుంది, చీకటి పడ్డాక పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకే రోజులుంటాయి. అక్కర్లేని వేళ వచ్చే సరుకు చవకైనా కొనేవాడికి బరువే.

దీనికి మందు కూడా వేలంలోనే ఉంది. 2020 జనవరిలో సెకీ ఒక పాటలో సాయంత్రం రద్దీ వేళ కరెంటుకు వేరే ధర అడిగింది. గ్రీన్‌కో రద్దీ వేళకు రూ.6.12, మామూలు వేళకు రూ.2.88తో గెలిచింది. నీటిని పైకి తోడి నిల్వచేసి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పిన్నాపురం ప్రాజెక్టు లాంటివాటికి ఊపిరి పోసేది ఇలాంటి ధరే. యూనిట్ ఎంతకిస్తావని మాత్రమే కాదు, ఏ గంటకిస్తావని అడగాలి.

సర్టిఫికెట్లు

వెయ్యి యూనిట్ల పచ్చ కరెంటుకు ఒక సర్టిఫికెట్. కరెంటును మామూలు ధరకు అమ్ముకుని, సర్టిఫికెట్‌ను విడిగా ఎక్స్ఛేంజీలో అమ్ముకోవచ్చు. నిబంధన ప్రకారం తాము కొనాల్సిన వాటా పచ్చ కరెంటు కొనని డిస్కంలు, ఫ్యాక్టరీలు వీటిని కొని లెక్క సరిచూపాలి. కాగితం మీద చక్కని ఆలోచన. 2011లో అమ్మకాలు మొదలయ్యాయి. కొనకపోతే జరిమానా అన్నారు గానీ వేసినవాళ్లు అరుదు. దాంతో అమ్ముడుపోని సర్టిఫికెట్లు గుట్టలుపడ్డాయి. సోలార్ సర్టిఫికెట్ కనీస ధర ఒకప్పుడు రూ.9,300, తర్వాత రూ.3,500, 2017లో రూ.1,000. రూ.9,300 వస్తుందని లెక్కేసి ప్లాంటు పెట్టినవాడి సంగతి ఊహించుకోండి. 2020 జూలై నుంచి 2021 నవంబరు దాకా కేసుల వల్ల అసలు అమ్మకాలే జరగలేదు.

బ్రిటన్ కూడా 2002లో ఈ దారే పట్టి, 2017కల్లా కొత్త ప్లాంట్లకు మూసేసింది. దాని బదులు తెచ్చిన తేడా ఒప్పందం నాకు ఆసక్తికరంగా తోస్తుంది. ఒక లెక్క చూడండి. వేలంలో తేలిన ఒప్పంద ధర రూ.3.50 అనుకుందాం. మార్కెట్లో రూ.2.20 పలికితే మిగతా రూ.1.30 ప్లాంటుకు ఇస్తారు. మార్కెట్లో రూ.5 పలికితే ప్లాంటే రూ.1.50 వెనక్కి కట్టాలి. 2022లో ఐరోపాలో ధరలు మండినప్పుడు పాత సర్టిఫికెట్ ప్లాంట్లకు మార్కెట్ ధరా దక్కింది, సర్టిఫికెట్ డబ్బూ దక్కింది. బ్రిటన్ ప్రభుత్వం ఆ లాభంపై 2023 జనవరి నుంచి 45 శాతం ప్రత్యేక పన్ను వేయాల్సి వచ్చింది. తేడా ఒప్పందంలో ఉన్నవాళ్లకు ఆ గొడవే లేదు. ఇదీ లోపం లేనిది కాదు: 2023లో గరిష్ఠ ధర మరీ బిగించి పెడితే సముద్రంలో గాలిమరలకు ఒక్క పాటా రాలేదు. మరుసటి ఏడాది పరిమితి పెంచాక వచ్చాయి.

ఇది మనకు వెంటనే అతుకుతుందా? మన కరెంటులో ఎక్స్ఛేంజీల వాటా ఇంకా పదో వంతు లోపే. తేడా కట్టే నిధి డిస్కంల చేతికిస్తే మళ్లీ అదే బకాయిల కథ. కేంద్రం కొద్ది సామర్థ్యంతో మొదలుపెట్టి చూడొచ్చు. మార్కెట్ ధర సున్నాకు పడిన గంటల్లో తేడా ఇవ్వమని మాత్రం మొదటే రాసుకోవాలి.

బకాయిలు, ఇంటి కప్పులు

ధర ఏ పద్ధతిలో తేల్చినా డబ్బు చేతికి రాకపోతే ఆ ధర ఉత్తుత్తిదే. 2022 జూన్ నాటికి దేశంలో డిస్కంల బకాయిలు లక్ష కోట్లు ఎప్పుడో దాటాయి. ఆ నెలలో కేంద్రం తెచ్చిన ఆలస్య చెల్లింపు నిబంధనలు పాత బకాయిలను వాయిదాలు చేశాయి, కట్టని డిస్కంకు ఎక్స్ఛేంజీ తలుపు మూస్తామన్నాయి. బకాయిలు గణనీయంగా దిగొచ్చాయి. ఏ టారిఫ్ ఉత్తర్వు కన్నా ఈ నిబంధనలే ఎక్కువ మేలు చేశాయని నా లెక్క.

ఇంటి కప్పు సంగతి వేరు. మూడు కిలోవాట్లు పెట్టుకునే మనిషిని వేలానికి రమ్మనలేం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కిలోవాటుకు రూ.30,000, రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడు అంతకు పైబడితే రూ.78,000 అని ముందే చెప్పేసింది. ఎవరికెంత వస్తుందో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవచ్చు. ప్యానెళ్ల ధర తగ్గేకొద్దీ ఈ సాయం కూడా ఏ తేదీకి ఎంత తగ్గుతుందో ఇప్పుడే ప్రకటిస్తే, 2012 లాంటి కుదుపు ఇక్కడ రాదు.

పెద్ద ప్లాంట్ల విషయంలో నేనైతే మొదట చేసేది ఒకటే. ఏ గంటల్లో ఎన్ని మెగావాట్లు కావాలో డిస్కంల దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, ఆ మేరకే సెకీ వేలం పెట్టాలి. ఆగిపోయిన ఆ 40 గిగావాట్లలో బ్యాటరీ జతచేసి సాయంత్రం ఇవ్వగలిగినవాటికి ధర సవరించుకునే అవకాశం ఒక్కసారి ఇవ్వాలి. మిగతావి రద్దుచేసి డిపాజిట్లు తిరిగి ఇచ్చేయాలి.