ఎస్ఎంఎస్ ఓటీపీనా, యాప్ ఓటీపీనా?

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ ఉండే కింది వాటాలో సిగ్నల్ నిలవదు, వైఫై మాత్రం బాగుంటుంది. నెట్ బ్యాంకింగ్‌లో డబ్బు పంపాలంటే ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాలి. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కి దిగేసరికి గడువు కాస్తా అయిపోతుంది. ప్రతిసారీ అదే టెన్షన్.

ఎస్ఎంఎస్‌తో ఉన్న సుఖం ఒకటే, బటన్ ఫోన్ ఉన్నా చాలు. కానీ మామూలుగా సిగ్నల్ ఉండాలి. సిమ్ స్వాప్ మోసాల (మన నంబరు మీద మోసగాళ్లు వేరే సిమ్ తీసుకోవడం) భయం కూడా ఉంది.

స్టేట్ బ్యాంక్ సెక్యూర్ ఓటీపీ లాంటి యాప్ ఆఫ్‌లైన్‌లో కూడా కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేస్తుంది. నమోదుకు ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి ఆ ఒక్కసారి డాబా ఎక్కక తప్పదు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. రెండంచెల తనిఖీకి, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి ఇంకో రుజువు అడగడానికి, ఎస్ఎంఎస్సే వాడాలని రిజర్వు బ్యాంకు షరతేమీ పెట్టలేదు.