కూల్ రూఫ్ పెయింట్ అంటూ ఇంటికొచ్చేవాళ్లతో జాగ్రత్త: మేం 31,500 పోగొట్టుకున్నాం

విజయవాడలో డాబా ఇళ్లున్నవాళ్లూ, పై అంతస్తులో ఉండేవాళ్లూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. మార్చిలో "కూల్ రూఫ్ కోటింగ్" (ఎండకి శ్లాబు వేడెక్కకుండా డాబా మీద పూసే తెల్ల రంగు) పేరుతో ఇద్దరు కుర్రాళ్లు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. మాతో కలిపి నాలుగిళ్లవాళ్లు ఒప్పుకున్నారు. నాలుగిళ్లవాళ్లమూ మోసపోయాం.

మా అమ్మకి 74 ఏళ్లు. పడుకునేది మేడ మీద గదిలో. పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే వేడిగాలే కొడుతుంది. ఏసీ తెల్లవార్లూ ఆడితే తప్ప ఆవిడకి నిద్ర పట్టదు. ఈ మాట చెప్పగానే వాళ్లు "అమ్మగారూ, ఈ వేసవిలో మీకు ఏసీ అవసరమే రాదు, కరెంటు బిల్లు సగానికి సగం పడిపోతుంది" అన్నారు. పైగా ఇది ప్రభుత్వ స్కీమ్ అన్నారు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిన మాట నిజమే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకీ అక్కడ తప్పనిసరి చేశారు. దానికీ మా గుమ్మం ముందు నిలబడ్డవాళ్లకీ ఏ సంబంధమూ లేదు.

మమ్మల్ని పడేసింది వాళ్లు చూపించిన డెమో. డాబా మీద గజం మేర తెల్లగా పూసి, ఆరాక మధ్యాహ్నం ఒంటిగంటకి థర్మామీటర్ గన్ పెట్టారు. పక్కన గచ్చు మీద 58 డిగ్రీలు, తెల్లటి చోట 41. చేత్తో ముట్టుకుని కూడా చూశాను, తేడా తెలుస్తూనే ఉంది. తర్వాత అర్థమైంది: మామూలు సున్నం కొట్టినా కొత్తలో ఇలాంటి తేడా వస్తుంది, తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది కాబట్టి. ఎక్కువ డబ్బు పెట్టి మంచి కోటింగ్ కొనేది ఆ తెలుపు దుమ్ముకీ వానకీ ఏళ్లపాటు నిలబడాలని. ఆ సంగతి ఒక్క మధ్యాహ్నంలో ఏ గన్నూ చెప్పలేదు.

900 చదరపు అడుగులు, అడుగుకి 35 చొప్పున 31,500. సగం యూపీఐలో, సగం క్యాష్. పని రెండు గంటల్లో అయిపోయింది. చీపురుతో ఊడ్చారే గానీ కడగలేదు. పిట్టగోడ వారన ఎండిన నాచు మీదే పూసేశారు. పగుళ్లు పూడ్చలేదు. వేసింది ఒక్క కోటే, అదీ లేబుల్ లేని డ్రమ్ములో కలిపిన రంగు. వెళ్తూ వెళ్తూ పెద్ద కంపెనీ పేరున్న ఖాళీ బకెట్ ఒకటి వదిలిపెట్టారు. పెయింట్ షాపులో పనిచేసే మా బావమరిది అది చూసి, మూత తిరగేసి చూపించాడు. లోపల పొరలు పొరలుగా ఎండిన పాత రంగు, అందులో ఒక పొర పసుపు. బ్యాచ్ నంబరూ తయారీ తేదీ ఉండాల్సిన చోట గీకేసి ఉంది. ఆ బకెట్ మీదున్న లెక్క ప్రకారమే రెండుసార్లు పూయడానికి లీటరుకి 20 నుంచి 25 చదరపు అడుగులు. అంటే మా డాబాకి 20 లీటర్లవి దాదాపు రెండు బకెట్లు పట్టాలి.

మే రెండో వారంలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే తూములోంచి పాలలాంటి నీళ్లు కారుతున్నాయి. పక్కింటివాళ్ల మందార ఆకుల నిండా తెల్లటి చారలు. డాబా మీద రుద్దితే పిండిలా అరచేతికి అంటుకుంది. కరెంటు లెక్క కూడా చెప్తాను: పోయిన ఏప్రిల్‌లో 412 యూనిట్లు, ఈ ఏప్రిల్‌లో 405.

అయిదేళ్ల వారంటీ కార్డంటూ ఇచ్చింది జిరాక్స్ కాగితం. ఫోన్ స్విచాఫ్. జీఎస్టీ బిల్లు అడగకపోవడం మా తప్పు. అయినా యూపీఐ రసీదూ, ఫొటోలూ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. మీకూ ఇలా జరిగి ఉంటే చేయండి, ఎక్కువమంది చేస్తే మంచిది.

నిజమైన కోటింగ్ వేయించుకునేవాళ్లు ఎస్ఆర్ఐ అంకె (ఎండలో ఆ పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పేది) ఉన్న ల్యాబ్ రిపోర్టు అడగండి. ప్రామాణిక నలుపుకి 0, ప్రామాణిక తెలుపుకి 100 అని ఆ కొలత. సీలు మీ కళ్లముందే తీయించండి, బ్యాచ్ నంబరు ఫొటో తీసుకోండి. శ్లాబు బ్రష్‌తో కడిగి, పగుళ్లు పూడ్చి, బాగా ఆరాకే మొదటి కోటు. రెండో కోటు వెయ్యకుండా మిగతా డబ్బు ఇవ్వొద్దు. ఎంత మంచిదైనా అది చల్లబరిచేది శ్లాబు కిందున్న గదినే. పడమటి గోడ నుంచీ కిటికీల నుంచీ వచ్చే వేడిని అది ఆపదు. బిల్లు సగమవుతుందన్న మాట ఎవరన్నా నమ్మకండి.

అమ్మ గదిలో ప్రస్తుతానికి ఏసీ 26 మీద పెట్టి ఫ్యాన్ తిప్పుతున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తోంది.

పోయిన ఆదివారం గుణదలలో మా చెల్లెలి వీధిలోకి ఇద్దరు వచ్చారట. అదే మాట, అదే గన్ను. కార్డు మీద పేరు మాత్రం వేరే.