కర్నూలు ఎండలో మావిస్ 350: సింగిల్స్ ఆడేవాళ్లకు సరిపోతుందా?

యోనెక్స్ మావిస్ 350 నైలాన్ షటిల్, ట్యూబుకు ఆరు వస్తాయి. మన్నికకు వంక పెట్టలేం. పొద్దున్నే నలుగురు కలిసి డబుల్స్ ఆడుకునే బ్యాచ్‌కు ఇంతకంటే గిట్టుబాటయ్యేది దొరకడం కష్టం. సింగిల్స్‌ను పట్టుదలగా నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇదొక్కటే చాలదు.

కొనేటప్పుడు ముందు కార్క్ చుట్టూ ఉన్న పట్టీ రంగు చూడండి. ఆకుపచ్చ నిదానం, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. ఆకుపచ్చది 22 నుంచి 33 డిగ్రీల వేడికి చేసింది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది కాబట్టి మధ్యాహ్నం పూట అది కూడా గీత దాటి పోతుంది. ఇక నీలం పట్టీది తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు. షటిల్‌ను ఆపేది గాలి. 25 డిగ్రీల దగ్గరున్న గాలి 40కి చేరితే సుమారు 5 శాతం పలచబడుతుంది. పైగా వేడికి నైలాన్ మెత్తబడుతుంది, గట్టి స్మాష్ తగిలితే స్కర్ట్ (కార్క్ వెనకున్న గొడుగు భాగం) ముడుచుకుని ఇంకా దూసుకుపోతుంది.

సింగిల్స్‌లో అసలు చిక్కు టాస్ దగ్గర, అంటే షటిల్‌ను ఎత్తుగా లేపి వెనక గీత దాకా పంపే దెబ్బ దగ్గర. ఈక షటిల్‌ను ఎత్తుగా టాస్ చేస్తే వెనక గీత చేరేసరికి వేగం తగ్గి దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. దాని వెనక్కి చేరి ఎగిరి కొట్టడానికి వ్యవధి ఉంటుంది. నైలాన్‌ది ఏటవాలుగా వస్తుంది కాబట్టి కాళ్లకు వేరే లెక్క అలవాటవుతుంది. నెట్ దగ్గర షటిల్‌ను మెల్లగా అవతలికి దించే డ్రిబుల్‌లోనూ అంతే: ఈక షటిల్ పల్టీలు కొడుతూ దిగుతుంది, నైలాన్ చప్పున సర్దుకుంటుంది, ఎదుటివాడు తేలిగ్గా ఎత్తేస్తాడు. 2019లో బాసెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చిన సాయి ప్రణీత్, 2021లో హువెల్వాలో రజతం గెలిచిన శ్రీకాంత్ ఆడింది ఈక షటిల్‌తోనే. వాళ్ల ఆట చూసి నేర్చుకోవాలంటే వారంలో కొన్ని గంటలైనా దానితో ఆడాల్సిందే.

ఈక షటిల్ ట్యూబు మీద 75, 76, 77 అని అంకెలుంటాయి. అంకె తగ్గితే వేగం తగ్గుతుంది. యోనెక్స్ ట్యూబుల మీద 1 నుంచి 5 వరకు వేస్తారు, 1 అన్నిటికంటే నిదానం. వేసవికి 75, మిగతా నెలలకు 76 అడగండి. అనంతపురం ఇంకాస్త ఎత్తులో ఉంది, అక్కడివాళ్లు 75 వైపే మొగ్గడం మంచిది. కొన్నాక పరీక్షించే పద్ధతి రూల్స్‌లోనే ఉంది: వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి, పక్క గీతకు సమాంతరంగా పూర్తి బలంతో కొట్టాలి. అవతలి వెనక గీతకు 530 నుంచి 990 మి.మీ. లోపలే పడాలి. టేపు అక్కర్లేదు, డబుల్స్ లాంగ్ సర్వీస్ గీతకు (వెనక గీతకు కాస్త ముందుండే గీత) అటూ ఇటూ జానెడు లోపు పడితే సరైనదే. ఈ పరీక్ష మీరు ఆడే వేళలోనే చేయండి. తెల్లవారుజామున సరిపోయిన షటిల్ సాయంత్రం నాలుగింటికి అవుట్ పడుతుంది.

మన పొడి గాలికి ఈకల కాడలు పెళుసెక్కి రెండు స్మాష్‌లకే విరుగుతాయి. దానికి ఆవిరి పట్టాలి. ట్యూబు రెండు మూతలూ తీసి, ఈకలున్న వైపు నుంచి నాలుగైదు సెకన్లు ఆవిరి పోనిచ్చి, మూతలు పెట్టి రాత్రంతా ఉంచండి. కార్క్‌కు ఆవిరి తగలనివ్వకండి. ఎక్కువసేపు పడితే జిగురు వదులవుతుంది, బరువు పెరిగి షటిల్ వేగమూ పెరుగుతుంది.

ఖర్చు భరించగలిగే దారి ఒకటుంది. వార్మప్‌కు, ఫుట్‌వర్క్‌కు ఆకుపచ్చ మావిస్ వాడండి. పాయింట్ల ఆట మొదలయ్యాక ఈకకు మారండి. ఒకటి రెండు ఈకలు విరిగినవాటిని పారేయకండి, చేత్తో విసిరి చేయించే నెట్ డ్రిల్‌కు బాగా పనికొస్తాయి.