సులువు చిన్న బండిది, సుఖం పెద్ద బండిది

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి తొమ్మిదేళ్లుగా నడుపుతున్న చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు, మాన్యువల్ గేర్లు. ఇంకోటి ఏడాదిన్నర కిందట తీసుకున్న ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్. పెద్దది ఇంటికొచ్చిన రోజు నుంచి తెలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, రెండింట్లో ఏది నడపడం తేలిక అని. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు, చిన్నది అమ్మేసి పెద్దదానికి మారాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఫోన్లో చెప్పిందే చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాసేస్తే మేలనిపించింది.

నా మాట ముందే చెప్పేస్తాను. నడపడానికి చిన్నదే తేలిక. పెద్దదాంట్లో ప్రయాణం హాయిగా ఉంటుంది, ఆ హాయిని చూసి చాలామంది తేలిక అనుకుంటారు. మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను. ఎత్తులో కూర్చుంటాం, ముందు నాలుగైదు బండ్ల అవతల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, ఎడమ కాలికి పని లేదు, గుంత వచ్చినా నడుముకు తెలియదు. "ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో కొనేవాళ్లం" అని అమ్మతో అన్నాను కూడా. తర్వాత నెమ్మదిగా అర్థమైంది, ఆ సులువులో సగానికి పైగా ఆటోమేటిక్ గేరుబాక్సు పుణ్యమే, సైజుతో దానికి సంబంధం లేదు. ట్రాఫిక్‌లో గంటసేపు హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి పట్టుకుని నడిపితే ఏ బండైనా విసుగే. అందుకని చిన్న మాన్యువల్‌ను పెద్ద ఆటోమేటిక్‌తో పోల్చి పెద్దదే సులువని ఎవరైనా చెబితే నమ్మకండి, వాళ్లు పోలుస్తున్నది గేరుబాక్సులను.

మాన్యువల్‌లో మాత్రం పెద్ద డీజిల్‌కి ఒక మంచి గుణం ఉంది, అది ఒప్పుకోవాలి. మా బాబాయి బండి అలాంటిదే, చాలాసార్లు నడిపాను. డీజిల్ ఇంజిన్‌కి తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం ఉంటుంది కాబట్టి క్లచ్ కొంచెం తొందరగా వదిలినా ఆగిపోకుండా బండి కదులుతుంది. చిన్న పెట్రోలు ఇంజిన్ అయితే అదే తప్పుకి టక్కున ఆగిపోతుంది, వెనక నుంచి హారన్లు మొదలవుతాయి, కొత్తవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. ఆ టెన్షన్ నాకూ బాగా గుర్తుంది. అయినా అది మూడు నాలుగు వారాల్లో పోయే ఇబ్బంది, క్లచ్ అలవాటు కాగానే మాయమవుతుంది. బండి పొడవు మాత్రం ఎన్నేళ్లు నడిపినా తగ్గదు కదా.

ఇప్పుడు కొలతలు. అందరికీ తెలిసిన రెండు బండ్లు తీసుకుంటాను. సుజుకి స్విఫ్ట్ పొడవు 3860 మిల్లీమీటర్లు, వెడల్పు 1735. టొయోటా ఫార్చ్యూనర్ పొడవు 4795, వెడల్పు 1855. చూశారా, వెడల్పులో తేడా 12 సెంటీమీటర్లే, అంటే జానెడు కూడా లేదు. పెద్ద బండి చూడగానే "ఇది ఈ సందులో పట్టదు" అనిపిస్తుంది కానీ స్విఫ్ట్ హాయిగా పట్టే చోట అది కూడా చాలావరకు పడుతుంది, కాకపోతే పట్టిందన్న నమ్మకం డ్రైవర్‌కి రాదు. అసలు కష్టమంతా పొడవులో ఉన్న ఆ మీటరు తేడాతో, తిరగడానికి కావాల్సిన జాగాతో వస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండిని గుండ్రంగా తిప్పితే వచ్చే వృత్తంలో సగం వెడల్పుని టర్నింగ్ రేడియస్ అంటారు. స్విఫ్ట్‌ది 4.8 మీటర్లు, ఫార్చ్యూనర్‌ది 5.8. వినడానికి ఒక్క మీటరే. కానీ యూటర్న్‌కి దాన్ని రెట్టింపు చేయాలి, ఒకదానికి 9.6 మీటర్ల వెడల్పు కావాలి, రెండోదానికి 11.6. రోడ్డు వెడల్పు ఈ రెండింటికీ మధ్యలో ఉన్నచోటల్లా చిన్నది ఒక్క ఊపులో తిరిగిపోతుంది, పెద్దది మధ్యలో ఆగి, రివర్స్ వేసి, మళ్లీ ముందుకు రావాలి, ఈలోపు రెండు వైపులా బండ్లు ఆగి మనవైపే చూస్తుంటాయి. డ్రైవింగ్‌లో చెమటలు పట్టేది సరిగ్గా అలాంటి చోట్లే.

పార్కింగ్ సంగతి కూడా లెక్క వేసి చూడండి. గడి వెడల్పు రెండున్నర మీటర్లు అనుకుందాం, బండి సరిగ్గా మధ్యలో పెట్టారు అనుకుందాం. ఫార్చ్యూనర్‌కి అటూ ఇటూ 32 సెంటీమీటర్లు మిగులుతుంది, జానెడున్నర కూడా లేదు. 1490 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆల్టో కె10 పెడితే ఒక్కో వైపు అర మీటరు. జానెడున్నర సందులో తలుపు తీసి ఒళ్లు సన్నగా చేసుకుని దిగాలి, పక్క బండికి తలుపు తగలకుండా చేత్తో పట్టుకోవాలి, చంకలో పిల్లవాడుంటే ఇక ఎలా దిగుతారో మీరే ఊహించుకోండి. దిగడం కూడా నడపడంలో భాగమే అంటాను నేను.

జడ్జిమెంట్ అంటాం చూడండి, బండి మూల ఎక్కడుందో మనసుకి తెలియడం, అది చిన్నదాంట్లో వారంలో వచ్చేస్తుంది. పెద్దదాంట్లో నాకు ఆరు నెలలు పట్టింది, ఇప్పటికీ పక్క సీటు వైపు ముందు మూల ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేను. ఒక ఆదివారం ఖాళీ స్థలంలో చెల్లితో కలిసి పరీక్ష పెట్టాం. మోకాలెత్తు ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి బానెట్‌కి ఆనించి పెట్టి, నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, అది కనిపించేదాకా ముందుకు జరుపుతూ వెళ్లమన్నాను. చిన్న కారులో కొద్ది అడుగులకే స్టూలు పైఅంచు కనిపించింది. పెద్దదాంట్లో చెల్లి జరుపుతూ వెళ్లింది, "ఇప్పుడు కనిపిస్తోందా అన్నా?" అని ప్రతి అడుగుకీ అడిగింది, లేదు, లేదు అంటూనే ఉన్నాను. చిన్నదానికి రెట్టింపు దూరం వెళ్లాక గానీ ఎర్ర రంగు నా కంటపడలేదు. అప్పుడు చెల్లి స్టూలు పక్కన పెట్టి బానెట్ ముందు నేల మీద కూర్చుంది. మనిషి మొత్తం మాయం, తల వెంట్రుక కూడా కనిపించలేదు. చిన్న పిల్లలున్న ఇంటివాళ్లు బండి కదిపే ముందు ఒకసారి దిగి ముందుకు వెళ్లి చూడండి, వెనక కెమెరా ఉంది కదా అని ముందు సంగతి వదిలేయకండి. నేను ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా మానలేదు.

ఇక దెబ్బ తగిలిన కథ. బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభం పక్కనుంచి బయటికి వస్తున్నాను, పెద్ద బండి తీసుకుని నెల కూడా కాలేదు. ముందు భాగం స్తంభం దాటింది, అద్దంలో చూశాను, అంతా బాగానే ఉంది, చిన్న కారులో అలవాటైన చోటే స్టీరింగ్ తిప్పాను. బరబరమని చప్పుడు. దిగి చూస్తే వెనక తలుపు మీద మూరెడు పొడవున గీత, కింద సొట్ట. తప్పు పూర్తిగా నాదే. మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత లోపలికి. లారీలు మలుపులో ముందు బాగా దూరం వెళ్లి ఆ తర్వాత తిరగడం చూసే ఉంటారు, కారణం ఇదే. పెద్ద కారుకి మారినవాళ్లు మొదట మార్చుకోవాల్సిన అలవాటు కూడా ఇదే: స్తంభం మీ భుజం దగ్గరికి వచ్చేదాకా ఆగి అప్పుడు తిప్పండి, ఇంకా అనుమానముంటే కొంచెం ఎక్కువే ఆగండి.

పొడవుంటే తిరగడం కష్టమని అన్నాను కానీ, తయారీదారులు తలచుకుంటే దానికి విరుగుడు ఉంది. లండన్ నల్ల ట్యాక్సీలు ఏమంత చిన్నవి కావు, అయినా 8.535 మీటర్ల మధ్యలో రివర్స్ వేయకుండా తిరగగలగాలన్నది అక్కడి ట్యాక్సీలకు నిబంధన. ముందు చక్రాలు మామూలు కార్ల కంటే చాలా ఎక్కువ కోణంలో తిరిగేలా చేసి దాన్ని సాధిస్తారు. మెర్సిడెస్ ఈక్యూఎస్ పొడవు 5.2 మీటర్ల పైమాటే, కానీ వెనక చక్రాలు 10 డిగ్రీల వరకు తిరిగే ఏర్పాటు ఉంటే 10.9 మీటర్లలో తిరుగుతుంది, అంటే పొట్టిదైన ఫార్చ్యూనర్ కంటే తక్కువ జాగాలో. అందుకే కారు కొనేవాళ్లు పొడవు కంటే ముందు టర్నింగ్ రేడియస్ ఎంతో చూడాలి. బ్రోచర్‌లో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, సన్‌రూఫ్ గురించి అడిగే ఓపికలో పదో వంతు దీనికి పెడితే రోజూ పనికొస్తుంది.

హైవే మీద లెక్క మారిపోతుంది, ఇక్కడ పెద్దదానికి మార్కులు వేయకపోతే అన్యాయం. పెద్ద లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు మా చిన్న కారు గాలికి కాస్త అటూ ఇటూ అవుతుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. పెద్దది బరువు వల్ల కుదురుగా సాగుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే చిన్నదాంట్లో ముందే గేరు తగ్గించి, ఇంజిన్ అరిచాక, అవతలి బండ్లు చూసుకుని వెళ్లాలి, పెద్దదాంట్లో యాక్సిలరేటర్ నొక్కితే సరి. నాలుగు వందల కిలోమీటర్లు నడిపి దిగినప్పుడు ఒంటికి తెలిసే తేడా చాలా పెద్దది, దూరాలు తరచూ వెళ్లేవాళ్లకి అదొక్కటే సరిపోతుంది కొనడానికి.

కానీ ఆ కుదురులోనే నాకు భయం కలిగించిన విషయం ఒకటుంది. ఎత్తులో కూర్చుని, చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా వెళుతుంటే వేగం తెలియదు. ఎనభైలో ఉన్నాననుకుని మీటరు చూస్తే నూట పది దాటి ఉండటం నాకు చాలాసార్లు జరిగింది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళతాం, వందలో అయితే 28, బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది, బండి ఎంత మెత్తగా నడిచినా ఆ లెక్క మారదు. చిన్న కారు తొంభై దాటగానే గోల చేసి హెచ్చరిస్తుంది, నాకు ఆ గోల మీద ఇప్పుడు గౌరవం పెరిగింది. ఎత్తైన బండి మలుపుల్లో ఒరుగుతుంది కూడా, వెనక సీట్లో వాళ్లకి వాంతి వచ్చినట్టుంటుంది. స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి పట్టు తప్పకుండా కాపాడతాయి, అయినా ఘాట్ రోడ్డులో చిన్నది తిరిగినంత చక్కగా పెద్దది తిరగదు. రాత్రి పూట మాత్రం ఎత్తు కలిసొస్తుంది, ఎదుటి లైట్లు కళ్లలో అంతగా కొట్టవు.

అందరికీ ఒకే జవాబు సరిపోదని అమ్మను చూశాకే తెలిసింది. యాభై దాటాక చిన్న కారులో నేర్చుకుంది. మనిషి పొట్టి, సీటు పూర్తిగా పైకి లేపినా స్టీరింగ్ పైనుంచి కాస్త తొంగి చూడాల్సి వచ్చేది. పెద్దదాంట్లో రోడ్డు బాగా కనిపిస్తోందని సంబరపడింది, సీటు ముందుకి జరుపుకుంటే పెడల్స్ కూడా అందాయి. రెండు రోజులు ఉత్సాహంగా నడిపింది. మూడో రోజు గేటులోంచి రివర్స్ తీయడానికి పది నిమిషాలు తంటాలు పడి, దిగి, "వద్దురా, నాకు దీని వెనకభాగం ఎక్కడుందో తెలియట్లేదు" అని తాళాలు నా చేతిలో పెట్టింది. సీటు మీద కుషన్ వేసుకుని చిన్నదే నడుపుతోంది ఇప్పుడు, బజారుకీ, ఫ్రెండ్స్ ఇళ్లకీ ఎవరినీ అడగకుండా తిరిగి వస్తోంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆలోచించకుండా చిన్నదానితో మొదలుపెట్టండి. పెద్ద కుటుంబం, దూర ప్రయాణాలు, సామాను ఉన్నవాళ్లు పెద్దది తీసుకోండి, నేను పశ్చాత్తాపపడటం లేదు, మీరూ పడరు, కాకపోతే తొలి మూడు నెలలు ఓపిక పట్టాలి. టెస్ట్ డ్రైవ్‌కి వెళితే మాత్రం వాళ్లు చూపించే ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి వచ్చేయకండి, తిన్నని రోడ్డు మీద అన్ని బండ్లూ తేలికే. ఇరుకైన చోట యూటర్న్ తిప్పించండి, రెండు బండ్ల మధ్య రివర్స్ పార్కింగ్ చేసి చూడండి, అది కూడా కెమెరా చూడకుండా ఒకసారి, చూసి ఒకసారి. తర్వాత ఇంట్లో రోజూ నడపబోయేది ఎవరో వాళ్లని కూర్చోబెట్టి అదే పని మళ్లీ చేయించండి, మీరు బయట నిలబడి చూడండి.