డెస్క్‌టాప్‌కి హాట్‌స్వాప్ బే: ఏ రకం ఎవరికి, ఎక్కడ తేడా కొడుతుంది

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లోనూ, ట్యాలీ డేటా రోజూ రెండో డిస్కులోకి తీసే ఆఫీసుల్లోనూ ఒకటే అవస్థ. విడి హార్డ్‌డిస్కులు బీరువాలో వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి కావాల్సి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఆపాలి, పక్క డోరు విప్పాలి, కేబుళ్లు మార్చి మళ్లీ ఆన్ చేయాలి. హాట్‌స్వాప్ బే ఈ తిప్పలు తప్పిస్తుంది. ఒకప్పుడు డీవీడీ రైటర్ ఉండే 5.25 అంగుళాల గూట్లో కూర్చుంటుంది. మెషీన్ నడుస్తుండగానే డిస్కు తోసేయొచ్చు, తీసేయొచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. బ్యాకప్ డిస్కులు మార్చుకోవడమే పని అయితే ఒక్క డిస్కు పట్టే ట్రేలెస్ (స్క్రూలూ ట్రే లేకుండా డిస్కుని నేరుగా తోసే) బే కొనండి, అంతకు మించి వద్దు. స్టార్‌టెక్, ఐసీ డాక్ కంపెనీలు రెండూ ఈ రకం చేస్తున్నాయి. మూడు, నాలుగు, ఐదు డిస్కుల కేజ్‌లు రెయిడ్ (కొన్ని డిస్కుల్ని ఒకటిగా కలిపి వాడే పద్ధతి) నడిపేవాళ్ల కోసం పుట్టినవి. ఎప్పుడూ లోపలే తిరిగే డిస్కుల్లో ఒకటి పోతే మెషీన్ ఆపకుండా మార్చడం వాటి పని. నెలకోసారి డిస్కు మార్చేవాడికి ఆ ఫ్యాన్ మోత, ఆ వేడి దండగ.

ముందు క్యాబినెట్‌లో చోటుందో లేదో చూసుకోవాలి. అద్దాల తలుపులతో వస్తున్న కొత్త క్యాబినెట్లలో చాలావాటికి 5.25 గూడే లేదు. ఫ్రాక్టల్ డిజైన్ పాప్ ఎయిర్‌లో ముందు ప్యానెల్ కింది భాగంలో దాచిపెట్టినట్టు రెండున్నాయి, అదే కంపెనీ డిఫైన్ 7లో ఒకటుంది. గూడు లేకపోతే బే కోసమని క్యాబినెట్ మార్చడం, నాడా దొరికిందని గుర్రం కొన్నట్టే. అలాంటప్పుడు డిస్కుని బయటే నిలబెట్టి తగిలించే యూఎస్‌బీ డాక్‌తో సరిపెట్టుకోవచ్చు, దాని సంగతి చివర్లో.

గూడు ఉన్నా లోతు కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు. 3.5 అంగుళాల డిస్కు పొడవే 147 మి.మీ. దాని వెనక కనెక్టర్లున్న సర్క్యూట్ బోర్డు, ఫ్యాన్ ఉంటే ఫ్యాన్, ఆ తర్వాత సాటా (డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే) కేబుల్ వంపు తిరగడానికి కనీసం మూడు సెంటీమీటర్లు కావాలి. పెద్ద కేజ్ అయితే ఇదంతా కలిపి 23, 24 సెం.మీ. దాటుతుంది. మదర్‌బోర్డు 24 పిన్నుల పవర్ కనెక్టర్ సరిగ్గా గూటి వెనకే ఉండే క్యాబినెట్లలో ఇక్కడే ఇరుక్కుపోతారు. టేపు పట్టుకుని ముందు ప్యానెల్ నుంచి అడ్డొచ్చే మొదటి వస్తువు దాకా కొలవండి, స్పెక్స్‌లో రాసిన కేజ్ పొడవుకి మూడు సెంటీమీటర్లు కలిపి పోల్చండి.

ఇంకో చిక్కు పాత క్యాబినెట్లలో కనిపిస్తుంది. డీవీడీ రైటర్ కింద జారకుండా ఆపడానికి గూటికీ గూటికీ మధ్య చిన్న రేకు నాలుకలు వంచి ఉంటాయి. రెండు మూడు గూళ్లు ఆక్రమించే కేజ్ పక్కలు నున్నగా ఉంటాయి కాబట్టి ఆ నాలుకలు తగిలి లోపలికి పోదు. సుత్తితో కొట్టొద్దు. మదర్‌బోర్డు మీద బట్ట కప్పి, కటింగ్ ప్లయర్‌తో ఒక్కో నాలుకనీ పక్క గోడకి సమంగా వెనక్కి వంచాలి. ఒకసారి వంచాక ఆ గూట్లో డీవీడీ రైటర్ స్క్రూల మీదే ఆధారపడాల్సి వస్తుంది, అది పెద్ద నష్టం కాదు.

ఎన్ని డిస్కుల కేజ్ అన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. ఒక గూటి ఎత్తు 41.3 మి.మీ., వెడల్పు 146 మి.మీ. డిస్కు మందం 26.1, వెడల్పు 101.6. రెండు గూళ్లలో మూడు డిస్కులు పడుకోబెడితే 82.6లో 78.3 డిస్కులకే పోతుంది. మిగిలిన 4.3 మిల్లీమీటర్లలోనే పైరేకు, కిందిరేకు, డిస్కుల మధ్య గాలి, అన్నీ సర్దుకోవాలి. మూడు గూళ్లలో నాలుగు డిస్కులైతే 124లో 104.4 పోను దాదాపు 20 మి.మీ. మిగులుతుంది. మూడింటిలో ఐదు పెట్టాలంటే పడుకోబెట్టడం కుదరదు, నిలబెట్టాలి. 146లో 130.5 డిస్కులకి పోతుంది, 15.5 గాలికీ రేకులకీ. అంటే రెండు గూళ్లలో మూడు డిస్కుల కేజ్ పొందికగా కనిపిస్తుంది గానీ గాలి విషయంలో అన్నిటికంటే ఇరుకు. రెయిడ్ కోసమే అయితే, మూడు గూళ్లుంటే, నాలుగు డిస్కులదే మా ఓటు.

ఐదు డిస్కులే కావాలంటే సూపర్‌మైక్రో సీఎస్ఈ-ఎం35టీ చాలాకాలంగా నడుస్తున్న సరుకు. వెనక 92 మి.మీ. ఫ్యాన్, వేడెక్కితే మోగే అలారం. సర్వర్ గదికి తగ్గట్టు చేసిన వస్తువు అది, పడకగదిలో పెట్టుకుంటే ఫ్యాన్ మోత భరించలేరు. నిదానంగా తిరిగే ఫ్యాన్ బిగించేవాళ్లు ఉన్నారు. ఎండాకాలం గది ఉష్ణోగ్రత 38 దాటే మన ఊళ్లలో ఆ పని చేసేముందు ఆలోచించండి. డిస్కు 45 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 50 దాటి గంటల తరబడి ఉంటే ఫ్యాన్ చాలడం లేదని అర్థం. ఒంటి డిస్కు బేలకి చాలావాటికి ఫ్యాన్ ఉండదు. గంటా రెండు గంటల బ్యాకప్‌కి అక్కర్లేదు కూడా. 40 మి.మీ. బుల్లి ఫ్యాన్ ఉన్నవి కొంటే కొన్నాళ్లకి దుమ్ము పట్టి కీచుమంటాయి.

ట్రే ఉన్నదా, లేనిదా? ట్రే ఉన్నదాంట్లో డిస్కుని నాలుగు స్క్రూలతో బిగించి తోస్తారు. అదురు తక్కువ, పట్టు గట్టిది. కానీ ప్రతి డిస్కుకీ ఒక ట్రే కావాలి, మోడల్ ఆగిపోతే విడి ట్రే దొరకదు. పైగా ఎక్కువ సామర్థ్యం ఉన్న డిస్కులు చాలావాటికి పక్కన మధ్య స్క్రూ రంధ్రం ఉండదు, అడుగు రంధ్రాల స్థానమూ మారింది. పాత ట్రేలో అవి రెండు స్క్రూల మీదే వేలాడతాయి. ట్రేలెస్‌లో ఈ గొడవ లేదు. తలుపు తెరిచి డిస్కుని అలాగే తోస్తే స్ప్రింగు రేకులు పట్టుకుంటాయి. అదురు కాస్త ఎక్కువే, నిరంతరం తిరిగే రెయిడ్‌కి కాదు గానీ బ్యాకప్‌కి హాయి.

బే మొత్తంలో అసలు వస్తువు వెనక బోర్డూ దాని కనెక్టరూ. ముందు నీలం లైట్లు, తాళం, అల్యూమినియం తలుపు పెట్టి, వెనక బోర్డుని రెండు చిన్న స్క్రూలతో వదిలేసిన పేరులేని సరుకు చాలా ఉంది. పైన పటారం, లోన లొటారం. డిస్కు తోసినప్పుడు ఆ బోర్డు వెనక్కి వంగుతుంది, పది పదిహేనుసార్లకి కనెక్టర్ వదులవుతుంది. కొన్నాక మొదట చేయాల్సిన పరీక్ష ఇదే: బేని క్యాబినెట్‌లో బిగించకముందే చేతిలో పట్టుకుని, పాత డిస్కుని తోస్తూ వెనక బోర్డుని గమనించండి. కంటికి కనిపించేంతగా కదిలితే తిరిగి పంపేయండి. మామూలు సాటా కేబుల్ కనెక్టర్‌కి ప్రమాణం 50 సార్లు పెట్టి తీయడం, బ్యాక్‌ప్లేన్ (బే వెనక బోర్డు) కనెక్టర్‌కి 500. రోజుకొకసారి మారిస్తే 500 ఏడాదిన్నర లోపే అయిపోతుంది. ఏడు డిస్కులు వంతులవారీగా తిప్పితే ఒక్కో డిస్కు మీద పడే అరుగుదల ఏడో వంతు, బే మీద మాత్రం మొత్తం. అరిగిపోవాల్సింది బేనే, డిస్కు కాదు కాబట్టి ఇది మనకి మంచిదే. బేని మార్చాల్సిన వస్తువుగా లెక్కేసుకోండి.

పవర్ విషయంలో కక్కుర్తి పడొద్దు. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల లైన్ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5. అంటే ఒక కనెక్టర్ రెండు డిస్కులకి సరి. ఐదు డిస్కుల కేజ్‌కి రెండు మూడు పవర్ సాకెట్లు పెట్టింది అందుకే, ఒకటే తగిలించి ఊరుకుంటే కాలే ప్రమాదముంది. వాటిని పవర్ సప్లై నుంచి వచ్చే వేర్వేరు తీగలకి తగిలించాలి. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కన్వర్టర్లలో తీగల చుట్టూ ప్లాస్టిక్ పోతపోసిన రకం లోపల షార్టయి అంటుకుంటుందని పేరు పడ్డది. ఒక్కో తీగా విడిగా కనిపిస్తూ క్రింప్ చేసిన రకం తీసుకోండి.

ఇక బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు. "హాట్‌స్వాప్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి బే తప్పేమీ ఉండదు. అందులో సాటా కంట్రోలర్ ఏహెచ్‌సీఐ అనే మోడ్‌లో ఉండాలి. ఆ పైన, సాటా కాన్ఫిగరేషన్ పేజీలో ఒక్కో పోర్టుకీ హాట్ ప్లగ్ అని విడి ఆప్షన్ ఉంటుంది, చాలా మదర్‌బోర్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. బే తగిలించిన పోర్టుకి మాత్రమే ఆన్ చేయండి. అన్నిటికీ చేస్తే సీ డ్రైవ్ ఉన్న డిస్కు కూడా "సేఫ్లీ రిమూవ్" జాబితాలో ప్రత్యక్షమవుతుంది, ఒక తప్పు క్లిక్కు చాలు. పోర్టు నంబరు మదర్‌బోర్డు మీద అచ్చేసి ఉంటుంది, మూత వేయకముందే రాసుకోండి.

బిగించాక ముఖ్యమైన డేటా లేని పాత డిస్కుతో చూడాలి. మెషీన్ నడుస్తుండగా తోసి ఇరవై సెకన్లు ఆగండి. రాకపోతే డివైస్ మేనేజర్‌లో "స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్" నొక్కండి, అప్పుడు మాత్రమే వస్తే బయోస్ ఆప్షన్ ఆఫ్‌లో ఉందన్నమాట. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో సీ7 అనే వరసలో ఉండే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (డేటా దారిలో దొర్లిన తప్పుల లెక్క) రాసుకుని, యాభై జీబీ ఫైళ్లు కాపీ చేసి మళ్లీ చూడండి. ఆ అంకె పెరిగిందంటే డేటా దారిలో తేడా ఉంది: కేబుల్ గానీ, వెనక బోర్డు గానీ. పాత డిస్కుల్లో ఆ అంకె ఇదివరకే ఎంతో కొంత ఉండొచ్చు, అది తగ్గదు. చూడాల్సింది పెరుగుదలే. క్లిప్పున్న అరమీటరు కేబుల్ వేసి మళ్లీ ప్రయత్నించండి, అయినా పెరిగితే బే వాపసు.

తీసేటప్పుడు సేఫ్లీ రిమూవ్ నొక్కాలి. లినక్స్‌లో అయితే అన్‌మౌంట్ చేసి, డిస్క్స్ యుటిలిటీలో పవర్ ఆఫ్. ఆ తర్వాత డిస్కుని ఒక సెంటీమీటరు మాత్రమే లాగి, కనెక్టర్ విడిపోయాక పదిహేను సెకన్లు అలాగే ఉంచండి. లోపలి పళ్లేలు నిలిచాక పూర్తిగా బయటికి తీయాలి. తిరుగుతున్న డిస్కుని చేత్తో పక్కకి వంచితే బొంగరంలా ఎదురు తిరగడం తెలుస్తుంది, ఆ తిప్పుడు బేరింగులకి మంచిది కాదు.

డిస్కు కనిపించనప్పుడు ఇంకో రెండు కారణాలు గుర్తుంచుకోవాలి. ఒక డిస్కుకి క్లోన్ చేసిన రెండో డిస్కుని అదే మెషీన్‌లో తోస్తే రెండిటి సంతకం (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి విండోస్ దాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ అనాలి. రెండోది, ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన కొన్ని పెద్ద డిస్కులు అసలు తిరగనే తిరగవు. సాటా పవర్‌లో మూడో పిన్నుకి 3.3 వోల్టులు అందితే ఆగిపోవాలన్న కొత్త ఏర్పాటు వాటిలో ఉంది. ఆ పిన్ను మీద కరెంటు పారని సన్నని క్యాప్టన్ టేపు అంటించడం తెలిసిన వైద్యమే గానీ, హాట్‌స్వాప్ బేలో మాటిమాటికీ తోస్తుంటే టేపు ముడతపడి కనెక్టర్‌లో ఇరుక్కుంటుంది. మోలెక్స్ కనెక్టర్‌లో 3.3 వోల్టుల తీగే లేదు, కాబట్టి మోలెక్స్‌తో పవర్ తీసుకునే బే కొనడం మేలు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే సాస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కులు మామూలు సాటా బేలో దూరవు, వాటి కనెక్టర్ మధ్య ఖాళీ పూడ్చి ఉంటుంది. బలవంతం చేయొద్దు.

యూఎస్‌బీ డాక్‌తో పోలిస్తే? వేగంలో తేడా లేదు, యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కుకి సరిపోతుంది. డాక్ కష్టాలు వేరు: ఇంకో అడాప్టర్, ఇంకో ప్లగ్గు, చేయి తగిలితే నిలబడ్డ డిస్కు బోర్లా. పాత డాక్‌లు కొన్ని 2 టీబీ దాటిన డిస్కుల సెక్టార్ (డేటా నిల్వయ్యే చిన్న ముక్క) లెక్క మార్చి చూపిస్తాయి, అందులో ఫార్మాట్ చేసిన డిస్కుని బేలో పెడితే ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి ఫార్మాట్ నొక్కకండి, అదే డాక్‌లో పెట్టి డేటా వేరేచోటికి తీయండి.

డిస్కు మీద పేరు రాసిన స్టిక్కర్ పై ముఖాన అంటిస్తే ట్రేలెస్ బేలో స్ప్రింగు రేకు గీరి చింపేస్తుంది. కనెక్టర్ లేని చివరి అంచు మీద అంటించండి, తలుపు తెరవగానే కనిపించేది అదే. లోపల హీలియం వాయువు నింపని మామూలు డిస్కుల మీద "మూయవద్దు" అని రాసిన చిన్న గాలి రంధ్రం ఉంటుంది, స్టిక్కర్ దాని జోలికి పోకుండా చూసుకోండి.