చంకల చెమటకు ఆపరేషన్: రెండున్నరేళ్ల తరువాత నా అనుభవం

కర్నూలులో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా పనిచేసే నాకు చేతులు పైకెత్తకుండా పూట గడవదు. పై అరల్లోని చీరలు దించడం, మడత విప్పి చూపించడం, మళ్లీ మడిచి పైన సర్దడం, రోజంతా ఇదే పని. పదహారో ఏట మొదలైన చంకల చెమట, దానితో వచ్చే వాసన నన్ను ఎంతగా కుంగదీశాయంటే, ఎదుట కూర్చున్నవారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ ఏదో ఒక నెపంతో లోపలికి వెళ్లిపోయేవాణ్ణి. 2023 జనవరిలో, సంక్రాంతి బేరాలు ముగిసిన వారానికి, రెండు చంకలకూ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇక్కడ ముఖ్యంగా ఆపరేషన్ తరువాతి రోజుల గురించే రాస్తున్నాను, ఎందుకంటే నాకు కలిగిన మేలూ కీడూ రెండూ ఆ రోజుల్లోనే తేలాయి.

అంతకు ముందు పటిక రుద్దాను, పౌడర్లు వాడాను. రాత్రి పడుకునే ముందు పొడి చర్మానికి రాసే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం చెమటను తగ్గించింది గాని, చర్మం మండి ఎర్రబడడంతో మానుకోవలసి వచ్చింది. చెమట గ్రంథులకు నరాల సంకేతం అందకుండా కొంతకాలం ఆపే బోటాక్స్ ఇంజక్షన్లు బాగా పనిచేశాయి, అయితే ఆరేడు నెలలకే ఆ గుణం తీరిపోయింది. అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదనీ, యుక్తవయసులో పనిచేయడం మొదలుపెట్టే అపోక్రైన్ అనే ఒక రకం చెమట గ్రంథుల స్రావాన్ని చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన పుడుతుందనీ చర్మవ్యాధుల డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. రోజుకు మూడుసార్లు స్నానం చేసినా పోని దానికి నా శుభ్రత లోపం కారణం కాదని తెలిసిన ఆ రోజు నాకు కన్నీళ్లు వచ్చాయి. ఛాతీ లోపలి నరాన్ని కత్తిరించే మరో ఆపరేషన్ గురించి అడిగితే, దాని తరువాత వీపు మీద, పొట్ట మీద అదనంగా చెమట పట్టవచ్చనీ, అలా జరిగితే సరిదిద్దడం చాలా కష్టమనీ చెప్పి ఆయన వద్దన్నారు.

నాకు చేసిన ఆపరేషన్‌లో ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి, చంక ముడతలో గాటు పెట్టి, చర్మాన్ని పైకి లేపి, దాని అడుగున ఉన్న గ్రంథులను కత్తెరతో తీసివేశారు. లేపిన చర్మం మళ్లీ కింది కండకు అతుక్కోవాలి, మధ్యలో రక్తం చేరితే అతుక్కోదు. అందుకే గాజుగుడ్డను ఉండగా చుట్టి చంకలో అదిమి, దారాలతో బిగించి కట్టారు. వారం రోజులు ఆ కట్టు కదలకూడదనీ, మోచేయి భుజం ఎత్తుకు లేవకూడదనీ గట్టిగా చెప్పారు.

చెప్పినంత తేలిక కాదు అది. మోచేతులు వంచి అన్నం తినగలిగాను గాని తల దువ్వుకోలేకపోయాను, వెల్లకిలా తప్ప పడుకోలేకపోయాను. ముందువైపు గుండీలున్న వదులు చొక్కాలు తప్ప మరేవీ పనికిరాలేదు. పప్పు తింటే పుండు చీము పడుతుందని అమ్మ నాలుగు రోజులు చారన్నమే పెట్టింది. పప్పూ గుడ్డూ తింటేనే గాయం త్వరగా మానుతుందని డాక్టరు ఆమెకు స్వయంగా చెప్పిన తరువాతనే ఒప్పుకుంది. ఐదో రోజు రాత్రి కరెంటు పోతే, గూట్లో ఉన్న టార్చిలైటు కోసం నిద్రమత్తులో ఎడమ చేయి ఎత్తాను. తెల్లవారేసరికి ఆ చంక ఉబ్బి బరువెక్కింది. ఫోన్ చేస్తే ఆసుపత్రి సిబ్బంది వాపు మామూలేనన్నారు, నేను నమ్మి ఒక రోజంతా ఆగాను. ఆ ఒక్క రోజు నాకు చాలా నష్టం చేసింది. మరునాడు డాక్టరు కట్టు విప్పి చూస్తే లోపల రక్తం గడ్డకట్టి ఉంది. దాన్ని తీసివేసి మళ్లీ కట్టారు గాని, గాటు అంచున రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లబడి ఊడిపోయింది. అది మానడానికి ఐదు వారాలు పట్టింది. ఒకవైపే పెరిగే వాపు, బిగువు, నొప్పి కనిపిస్తే ఫోన్‌లో వచ్చే జవాబుతో సరిపెట్టుకోకుండా వెంటనే వెళ్లి డాక్టరుకే చూపించమని నా మనవి.

కుడివైపు కట్టు కదలలేదు. పన్నెండో రోజున కుట్లు విప్పారు, ఇప్పుడు ముడతలో సన్నని గీత మాత్రమే మిగిలింది. ఎడమవైపు మచ్చ గట్టిగా ఉంది, చేయి పూర్తిగా ఎత్తితే నేటికీ కొంచెం లాగుతుంది. గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించే వ్యాయామం మూడు నెలలు చేస్తేనే భుజం బిగువు సడలింది. చర్మం మొద్దుబారినట్లుండడం దాదాపు ఏడాదికి పోయింది. వెంట్రుకలు రెండువైపులా పలచబడ్డాయి.

వాసన విషయంలో నేను పూర్తిగా తృప్తి చెందాను. కుడివైపు లేదు, ఎడమవైపు మే నెల ఎండల్లో సాయంత్రానికి స్వల్పంగా తెలుస్తుంది, మామూలు రోలాన్‌తో పోతుంది. చెమట మాత్రం సగానికి తగ్గిందే గాని ఆగిపోలేదు. బొత్తిగా చెమటే పట్టకూడదని ఆశించేవారు ఈ ఆపరేషన్‌తో నిరాశపడతారు. రెండువైపులకూ కలిపి నా మూడు నెలల జీతం ఖర్చయింది.

మాఘమాసపు పెళ్లి బేరాలున్నాయని పద్దెనిమిదో రోజుకే, ఎడమవైపు పుండు ఇంకా మానకముందే, నేను దుకాణానికి వెళ్లడం తొందరపాటే. చేతులెత్తి పనిచేసేవారు కనీసం నెల రోజులు సెలవు పెట్టుకోవాలి, వీలుంటే ఒక్కో చంకకు విడివిడిగా చేయించుకోవాలి. అప్పుడు రెండో చేయి ఆసరాగా ఉంటుంది. నాకు ఆ ఆలోచన ముందే వచ్చి ఉంటే ఆ రాత్రి టార్చిలైటును కుడిచేత్తో అందుకునేవాణ్ణి.