శ్రీశైలం ఘాట్‌లో అడ్వెంచర్ బండ్లు: 450 సరిపోతుందా, 1300 కావాలా?

అడ్వెంచర్ బండి (సాఫీ రోడ్డు మీదా, గతుకుల దారిలోనూ నడిచే పొడవాటి సస్పెన్షన్ బైకు) సస్పెన్షన్ సత్తా తేల్చుకోవడానికి హైదరాబాద్ దగ్గర్లో శ్రీశైలం రోడ్డును మించింది లేదు. సుమారు 215 కిలోమీటర్లలో అన్ని రకాలూ తగులుతాయి. తుక్కుగూడ దాటేదాకా సిటీ ట్రాఫిక్, కల్వకుర్తి మీదుగా డిండి వరకు సాఫీ రోడ్డు, మన్ననూరు చెక్‌పోస్ట్ నుంచి నల్లమల అడవి, దోమలపెంట తర్వాత డ్యామ్ దాకా దిగే ఘాట్, వంతెన దాటాక సున్నిపెంట వైపు ఎక్కుడు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి లెక్క వేసుకుని బయల్దేరాలి.

ఇక బండ్ల సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు పెట్రోలుతో కలిపి 196 కిలోలు. ముందు 43 ఎంఎం షోవా కంపెనీ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట కాళ్లు), ముందూ వెనకా 200 ఎంఎం ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరం. మధ్య తరగతిలో కాస్త పైన సుజుకీ వి-స్ట్రామ్ 800డీఈ: 230 కిలోలు, 220 ఎంఎం ట్రావెల్. ట్రయంఫ్ టైగర్ 900 ర్యాలీ ప్రోకి ముందు 240, వెనక 230. వీటన్నిటికీ ముందు చక్రం 21 అంగుళాలే. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్ బరువు 237 కిలోలు, ముందు చక్రం 19 అంగుళాలు, ట్రావెల్ ముందు 190, వెనక 200. అంటే ఇంజిన్ దాదాపు మూడింతలైనా, ట్రావెల్ మాత్రం 450 కన్నా ముందు కాస్త తక్కువ, వెనక సమానం. పెద్ద బండి అంటే పెద్ద సస్పెన్షన్ అనుకునేవాళ్లు ముందు ఈ అంకెలు చూడాలి.

సాఫీ రోడ్డు మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. అక్కడ పెద్ద బండిదే రాజ్యం. చిన్న చిన్న అతుకుల మీద దాని నడక మెత్తగా ఉండటానికి కారణం ఉంది. చక్రం, బ్రేకు, ఫోర్కు కింది భాగం బరువులో మరీ తేడా ఉండదు, కానీ వాటి మీద కూర్చున్న బండి బరువు ఎక్కువ కావడంతో అదే దెబ్బ పైకి తక్కువగా తెలుస్తుంది.

అసలు పరీక్ష మన్ననూరు దాటాకే. అడవి జంతువుల కోసం వేసిన స్పీడ్ బ్రేకర్లు, రోడ్డుకు అడ్డంగా వరసగా వచ్చే రంబుల్ స్ట్రిప్పు పట్టీలు సస్పెన్షన్ లోపాలన్నీ బయటపెడతాయి. రీబౌండ్ (కుంగిన షాకర్ తిరిగి లేవడం) మరీ నెమ్మదిగా ఉంటే మొదటి పట్టీకి కుంగిన షాకర్ పూర్తిగా లేవకముందే రెండోది తగులుతుంది, ఆపైన మూడోది. నాలుగైదు పట్టీలయ్యేసరికి వెనక భాగం కిందికి దిగిపోయి, నడుముకు రాయిలా కొడుతుంది. చాలామంది దీన్ని స్ప్రింగు గట్టిదనం అనుకుని ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మోతాదు) తగ్గిస్తారు, దాంతో పరిస్థితి ఇంకా పాడవుతుంది. చేయాల్సింది రీబౌండ్ స్క్రూను రెండు క్లిక్కులు వదులు చేయడం. రీబౌండ్ మరీ వదులైతే ఉల్టా: బ్రేకర్ దాటాక సీటు పైకి తన్ని, బండి ఇంకోసారి ఊగుతుంది. వి-స్ట్రామ్‌కు, టైగర్‌కు ఈ స్క్రూలు ఉన్నాయి. కేటీఎం 390 అడ్వెంచర్ కొత్త మోడల్ ఫోర్కులో ఒక కాలికి కంప్రెషన్ (కుంగే వేగాన్ని అదుపు చేసేది), ఇంకో కాలికి రీబౌండ్ స్క్రూ ఇచ్చారు. హిమాలయన్‌కు ఆ వీలు లేదు, వెనక ప్రీలోడ్ ఒక్కటే, అదీ కొక్కెం లాంటి సీ-స్పానర్ పానాతో. కాబట్టి దాన్ని పట్టీల మీద 30 లోపు స్పీడుతో, కాళ్లు పెట్టుకునే పెగ్గుల మీద కొంచెం లేచి దాటించడమే మందు.

దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే హెయిర్‌పిన్ మలుపుల్లో కథ మారుతుంది. ట్రావెల్ ఎక్కువున్న ఫోర్కు ముందు బ్రేకు పట్టగానే లోతుగా దిగుతుంది. ముక్కు వంగేసరికి స్టీరింగ్ కోణం నిటారై హ్యాండిల్ ఒక్కసారి చురుగ్గా తిరుగుతుంది. మలుపు మధ్యలో బ్రేకు టక్కున వదిలితే ఫోర్కు లేచి, బండి బయటి అంచుకు పోతుంది, అవతల నుంచి ఆర్టీసీ బస్సు వచ్చేది కూడా సరిగ్గా అక్కడికే. కంప్రెషన్ రెండు మూడు క్లిక్కులు బిగిస్తే దిగే వేగం తగ్గుతుంది గానీ, దిగే లోతు అంతగా తగ్గదు. లోతు తగ్గాలంటే ప్రీలోడ్ గానీ గట్టి స్ప్రింగు గానీ కావాలి. 450లో సెకండ్ గేరు ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగుతూ, వెనక బ్రేకు సన్నగా పట్టి ఉంచి, ముందు బ్రేకును మెల్లగా వదలాలి.

జీఎస్ ముందు సస్పెన్షన్ టెలిలివర్ ఇక్కడే మార్కులు కొట్టేస్తుంది. బ్రేకు బలాన్ని ఫోర్కు మీద వేయకుండా ఫ్రేములోకి మళ్లిస్తుంది కాబట్టి ముక్కు పెద్దగా దిగదు. బ్రేకు వేసేచోటే గుంత ఉన్నా మింగడానికి ట్రావెల్ మిగిలే ఉంటుంది. ముందు టైరు కింద ఏం జరుగుతోందో చేతికి కాస్త తక్కువ తెలుస్తుందన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయినా వెనక మనిషి, రెండు పెట్టెల సామానుతో ఈ ఘాట్ దిగాలంటే మా ఓటు దానికే. ఒంటరిగా అయితే 450, 390లదే పైచేయి. తేలికైన బండి మలుపులోకి తొందరగా వాలుతుంది, లైను తప్పినా సర్దుకుంటుంది. వి-స్ట్రామ్ ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. ప్రీలోడ్ నాబ్ చేత్తోనే తిరుగుతుంది కాబట్టి వెనక మనిషి ఎక్కినప్పుడల్లా పానా వెతుక్కునే పని లేదు.

బరువు అసలు బాధ మలుపుల్లో కాదు, బస దగ్గర. డిండిలో, ఈగలపెంటలో హరిత హోటళ్లున్నాయి, మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలు దొరుకుతాయి, శ్రీశైలంలో దేవస్థానం వారి గంగా సదన్, గౌరీ సదన్, ఇంకా రకరకాల సత్రాలు. గది ఎలా ఉందో చూసే ముందు పార్కింగ్ చూడండి. ముక్కు పల్లం వైపు పెట్టి 237 కిలోల బండిని ఆపితే, పొద్దున్నే దాన్ని వెనక్కి లాగడానికి ఇద్దరు కావాలి. ఎప్పుడూ ముక్కు ఎత్తు వైపే ఉండాలి, గేరులో వదలాలి. మట్టి నేలైతే సైడ్ స్టాండు కింద పలక పెట్టాలి. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు, డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు ఘాట్ మీద బండ్లు బారులు తీరతాయి, అప్పుడు ఎత్తు సీటు మీద మునివేళ్లతో ఆనుకోవడం నరకం. కోతులున్నచోట గుడ్డ సంచుల కన్నా తాళం పడే పెట్టెలు మేలు. జిప్పు తీయడం వాటికి బాగా వచ్చు.

ఏ బండైనా బయల్దేరే ముందు శాగ్ (మనిషి, సామాను బరువుకు సస్పెన్షన్ ఎంత కుంగుతుందన్నది) కొలవడానికి అరగంట చాలు. వెనక చక్రం గాల్లో ఉండేలా ఎత్తి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిలువుగా సీటు కింది భాగంలో ఒక గుర్తు వరకు టేపుతో కొలవండి. తర్వాత హెల్మెట్, జాకెట్, సామానుతో సహా కూర్చుని, రెండుసార్లు కుదిపి, ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. మొదటిది 600 ఎంఎం, రెండోది 540 అయితే శాగ్ 60. ట్రావెల్‌లో మూడో వంతుకు కొంచెం లోపు ఉంటే సరి, 200 ఎంఎం ట్రావెల్‌కు 60 నుంచి 65 అన్నమాట. 80 దాటితే వెనక కూలబడి, ముందు చక్రం తేలికై, మలుపు బయటికి పోతుంది. హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. క్లిక్కులు లెక్కపెట్టేటప్పుడు స్క్రూను కుడివైపు మెల్లగా చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి, గట్టిగా బిగిస్తే స్క్రూ లోపలి సూది దెబ్బతింటుంది. పాత లెక్క రాసి పెట్టుకోవాలి.

సర్వీసు విషయంలో చిన్న బండికీ పెద్ద బండికీ మధ్య తేడా పెద్దదే. 43 ఎంఎం ఫోర్కు సీలు కారితే ముందు పలచటి ప్లాస్టిక్ పట్టీతో సీలు అంచు కింద ఇరుక్కున్న మట్టి తీసి చూడాలి, చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. స్టీరింగ్ బేరింగుల, లింకేజీ (వెనక షాకర్‌కు కలిపే మీటలు) బేరింగుల నంబరు పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే చాలావరకు దొరుకుతాయి. వాటర్ వాష్ గన్ను లింకేజీ మీద దగ్గర నుంచి కొట్టనివ్వకండి, గ్రీజు కొట్టుకుపోయి సూది బేరింగులు తుప్పు పడతాయి. పెద్ద బండి ఎలక్ట్రానిక్ షాకర్ పోతే మాత్రం ఊళ్లో విప్పి బాగుచేసేవాళ్లు అరుదు. యూనిట్ మొత్తం మార్చాల్సిందే, వచ్చేదాకా బండి షెడ్డులోనే.

దారిలో పంక్చర్ షాపుల దగ్గర 21 అంగుళాల ట్యూబు అడిగితే మొహం చూస్తారు. వి-స్ట్రామ్ 800డీఈ, ట్యూబు చక్రాల హిమాలయన్ నడిపేవాళ్లు ఒక 21 ట్యూబు, యాక్సిల్ పానా, రెండు టైరు లివర్లు వెంట ఉంచుకోవాలి. అవసరం పడితే ఆ ట్యూబునే వెనక 17 చక్రానికి వేసి, ఊరు చేరేదాకా మెల్లగా నడపొచ్చు. కొనే ముందు అద్దె బండితో చూడాలనుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న దాన్నే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ తప్పదు. తాళం చేతికిచ్చే ముందే శాగ్ కొలుచుకుని, ఫోర్కు రాడ్ల మీద నూనె చెమ్మ ఉందేమో వేలితో తుడిచి చూసి, ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి.